బోస్టన్‌లో చందా పుస్తకం

చిన్నప్పుడు కాకినాడలో మా వీధి పిల్లలు వినాయకచవితి చందాలకి బయల్దేరితే మా నాన్న నన్ను గుమ్మంలోకి పంపేవారు. "నాన్నగారు ఊళ్లో లేరని చెప్పు." లోపల ఆయన తిప్పుతున్న పేపరు చప్పుడు నాకూ వినబడేది, వాళ్లకీ వినబడేది. మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు. అయిదు రూపాయలు రాలే దాకా వదిలేవాళ్లు కాదు. రసీదు పుస్తకం పట్టుకుని గడప గడపా ఎక్కే ఆ పిల్లలంటే నాకు కాస్త చిన్నచూపుగానే ఉండేది. ముప్పయ్యారేళ్లు వచ్చాక బోస్టన్‌లో నేనూ అదే పుస్తకం పట్టుకున్నాను. కాకపోతే పుస్తకం ఫోన్‌లో ఉంది.

బోస్టన్‌కి పడమటి వైపు ఊళ్లలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో నాది టెస్టింగ్ ఉద్యోగం. ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతికిపెట్టడం. హెచ్‌వన్‌బీ మీద వచ్చి 2018కి ఆరేళ్లయింది. నా పక్క క్యూబికల్‌లో ఒక పెద్దావిడ ఉండేవారు, అరవై దాటిన మనిషి. ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రావడానికే ఏడాది పట్టింది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి డెస్క్ దగ్గరే ఓట్స్ తినేసి, సొరుగులోంచి సీసా తీసి, మాత్ర ఒకటి అరచేతిలో వేసుకుని, పెద్ద గ్లాసుడు నీళ్లు చివరి చుక్క దాకా తాగేవారు. సగం తాగి వదిలేయడం ఎప్పుడూ చూడలేదు. బీపీ మాత్రో, థైరాయిడ్ మాత్రో అనుకున్నాను. ఇక్కడ ఎవరి ఆరోగ్యం గురించీ అడగకూడదని వచ్చిన కొత్తలోనే సీనియర్లు చెప్పేశారు కదా, అడగలేదు.

ఒకరోజు ఆవిడే సీసా నా వైపు తిప్పారు. "ఇది మీ దేశంలో తయారైందట, చూడు."

అడుగున సన్నక్షరాల్లో మేడ్ ఇన్ ఇండియా అని ఉంది. పైన మందు పేరు: ఇమాటినిబ్. ఆ పేరు నాకు కొత్త కాదు. సామర్లకోటలో మా బాబాయి వాళ్లింట్లో ఫ్రిజ్ మీద, అగ్గిపెట్టెలూ కరెంటు బిల్లుల పక్కన, పదేళ్లుగా ఆ పేరున్న డబ్బా ఉంటోంది.

బాబాయికి 2008లో ఎడమ డొక్కలో ఏదో బరువుగా ఉందని మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నమిలాడు. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు లక్షల్లో ఉన్నాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. "అంటే?" అంది పిన్ని. "బ్లడ్ కేన్సర్లో ఒక రకమమ్మా" అనేసరికి ఆసుపత్రి బెంచీ మీద అలాగే కూలబడింది. మన సినిమాల్లో బ్లడ్ కేన్సర్ వచ్చినవాడు శుభం కార్డు దాకా బతికి ఉండగా పిన్ని ఎప్పుడూ చూడలేదు మరి. విదేశీ కంపెనీ మందు అప్పట్లో నెలకి లక్ష దాటేది. అదే మందుని హైదరాబాద్‌లో నాట్కో వాళ్లు తయారుచేసి అందులో పదో వంతుకు అటూ ఇటూగా అమ్ముతుండబట్టి బాబాయి నిలబడ్డాడు. దాని పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2013 ఏప్రిల్లో విదేశీ కంపెనీ ఓడిపోయిన రోజు మా పిన్ని సత్యనారాయణ వ్రతం చేయించింది. కోర్టు కేసు గెలిచినందుకు కాకినాడ చుట్టుపక్కల జరిగిన వ్రతాలు చాలానే ఉంటాయి గానీ, మందుల పేటెంటు కేసుకి ఇదొక్కటే అయ్యుంటుంది.

ఇదంతా పక్క సీటావిడకి చెప్పాను. ఆవిడ తన కథ చెప్పారు. ఆవిడకి జబ్బు బయటపడింది 2002లో. ఈ మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 2001 మేలో. "జబ్బు రెండేళ్లు ముందు వచ్చి ఉంటే ఈ సీట్లో ఇంకెవరో కూర్చుని ఉండేవారు" అన్నారు, ఓట్స్ గిన్నె కడుక్కుంటూ, మామూలుగా.

ఈ జబ్బులో తొమ్మిదో క్రోమోజోము ముక్కా, ఇరవై రెండో దాని ముక్కా చోట్లు మార్చుకుంటాయి. అతుకు పడిన చోట ఒక పిచ్చి ప్రోటీన్ పుట్టి, తెల్లకణాల్ని ఆగకుండా పుట్టించమని పోరుతూ ఉంటుంది. తేడాగా ఉన్న ఆ క్రోమోజోముని ఫిలడెల్ఫియాలో 1960లోనే కనిపెట్టారు. ఆ ప్రోటీన్ నోరు మూయించే మాత్రని ఓరెగాన్‌లో బ్రయన్ డ్రకర్ అనే డాక్టరు రోగుల మీద మొదటిసారి పరీక్షించింది 1998లో. మధ్యలో ముప్పై ఎనిమిదేళ్లు. ఆయన పరిశోధనకి డబ్బిచ్చిన వాళ్లలో లుకేమియా అండ్ లింఫోమా సొసైటీ ఒకటి. పదహారేళ్ల కొడుకుని లుకేమియాకి పోగొట్టుకున్న న్యూయార్క్ దంపతులు 1949లో పెట్టిన సంస్థ అది. 2025లో బ్లడ్ కేన్సర్ యునైటెడ్ అని పేరు మార్చుకుంది. ఏటా ఆకురాలే కాలంలో 'లైట్ ది నైట్' అని చీకటి పడే వేళ లాంతర్లు పట్టుకుని నడుస్తారు. మా ఆఫీసు టీముకి కెప్టెన్ ఈ పక్క సీటావిడే.

"నువ్వూ రాకూడదూ" అన్నారు. మహా అయితే రెండు మైళ్ల నడక. సరేనన్నాను. నడక ఇందులో అసలు పనే కాదని, సంస్థకి చందాలు వసూలు చెయ్యడమే అసలు పనని తర్వాత తెలిసింది. ఒక్కొక్కరికీ ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఇస్తారు. అందులో మన ఫోటో, మనం పెట్టుకున్న లక్ష్యం, ఇప్పటిదాకా ఎంత వచ్చిందో చూపించే గీత. ఆవిడ చూస్తుండగా ధైర్యం చేసి వెయ్యి డాలర్లు అని టైపు చేసేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొదటి ప్రశ్న: "మన పేరు మీద వసూళ్లు చేస్తే వీసాకి ఏమీ కాదు కదా?" ఇక్కడ మనకి దగ్గొచ్చినా ముందు వీసానే గుర్తొస్తుంది. డబ్బు మన చేతికి రాదు, కార్డు గీకితే నేరుగా సంస్థకే పోతుంది, మనకి జీతం లేదు ఏమీ లేదు అని చెప్పాక శాంతించి, యాభై డాలర్లు ఆయనే వేశారు. గీత కొంచెం కదిలింది.

తర్వాత మా తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నూట పదిమంది సభ్యులు. మెసేజ్ రాయడానికి రెండు గంటలు పట్టింది, తుడిచి తుడిచి రాశాను. తొమ్మిది దణ్ణాలు, రెండు చప్పట్లు వచ్చాయి. ఆ కింద ఎవరో పాత సోఫా అమ్మకానికి పెట్టారు. సోఫాకి పది నిమిషాల్లో అయిదుగురు రేటడిగారు. వారం గడిచినా నా గీత అక్కడే ఉంది. ఆఫీసులో ఆ పేజీ తెరవాలంటేనే టెన్షన్.

అమ్మతో వీడియో కాల్‌లో వాపోతే, "అందరికీ కలిపి చెబితే ఎవరికీ చెప్పనట్టేనే. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చెయ్యి. అడగందే అమ్మయినా పెట్టదు" అంది. పెట్టే అమ్మే ఆ మాటంటే ఇక ఏం చేస్తాం.

ఫోన్లు మొదలుపెట్టాను. ఇచ్చేవాళ్లెవరో ఇవ్వనివాళ్లెవరో ముందుగా పసిగట్టగలనని అనుకునేదాన్ని. ఒక్కటీ నిజం కాలేదు. పెద్ద ఇల్లు కొన్నవాళ్లు ఆలోచిస్తామన్నారు. మాస్టర్స్ చదువుకుంటూ పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు, ఎప్పుడో ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చానన్న గుర్తుతో, నేను అడగకుండానే ఇరవై వేశాడు. ఇంజినీరింగ్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు మాత్రం నిలదీశాడు. "అమెరికాకి మనం చందా ఇవ్వడమేమిటే? మన దగ్గర ఆసుపత్రుల ముందు చెట్ల కింద పడుకుంటున్నారు జనం." వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. నేనూ అదే అనుకునేదాన్ని. బాబాయి మాత్ర సంగతి చెప్పాను. హైదరాబాద్‌లో చవగ్గా చేయాలన్నా ముందు ఎక్కడో ఒకచోట ఎవరో కనిపెట్టాలి కదా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. పాతిక డాలర్లు మాత్రం వేశాడు, "నీ మొహం చూసి" అని రాసి.

ఆఫీసులో బేక్ సేల్ అని ఒకటి పెట్టారు. తలా ఒక తినుబండారం ఇంట్లో చేసి తెచ్చి అమ్మడం. అందరూ కుకీలూ, బ్రౌనీలూ. నేను సున్నుండలు చేశాను. ముందురోజు రాత్రి మినుములు దోరగా వేయించి, మిక్సీలో పట్టి, బెల్లం తురిమి కలిపి, నెయ్యి కాచి పోసుకుంటూ 84 చుట్టాను. పొద్దున్న టేబుల్ మీద పెడితే ఒక్కరూ ముట్టుకోలేదు. మట్టి రంగులో గోళీల్లా ఉన్నాయి, ఎవరు మాత్రం తింటారు. పక్క సీటావిడ వచ్చి, "ఇందులో ఏమున్నాయో కాగితం మీద రాసిపెట్టాలి, అలర్జీలవీ ఉంటాయి కదా" అన్నారు. మినుములు, బెల్లం, నెయ్యి అని రాశాను. ఆవిడ చదివి, "గోధుమ లేదా? పిండి ఏదీ లేదా?" అని రెండుసార్లు అడిగి, పెన్ను లాక్కుని పైన పెద్దక్షరాలతో గ్లూటెన్ ఫ్రీ అని రాశారు. పదకొండింటికి పళ్లెం ఖాళీ. అకౌంట్స్‌లో ఒకాయన నాలుగు కొనుక్కుని, ఇవి ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. రెండేసి డాలర్ల లెక్కన 168 డాలర్లు. మా అమ్మమ్మ చూసి ఉంటే రెండు డాలర్లంటే ఎంతని అడిగి, గుండె పట్టుకుని కూర్చునేది.

నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. మా కంపెనీలో మ్యాచింగ్ ఉంది. ఉద్యోగి వంద ఇస్తే కంపెనీ ఇంకో వంద వేస్తుంది. అది దానంతటదే జరిగిపోతుందనుకుని నిశ్చింతగా కూర్చున్నాను. ఇచ్చినవాళ్లు ఎవరికి వాళ్లే రసీదు పెట్టి, గడువులోగా దరఖాస్తు చేసుకోవాలట. నాకు తెలిసేటప్పటికి గడువు దాటి రెండు రోజులు. 300 డాలర్లు గాల్లో కలిశాయి. రోజంతా ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకునేదాన్ని, రెండు లైన్ల నిబంధన చదవలేదు.

లక్ష్యానికి ఇంకా మూడొందలు తక్కువ. తెలుగువాళ్ల దగ్గర డబ్బు రాలాలంటే తెలుగువాడి పేరు ఒకటి పడాలనిపించి, గ్రూపులో ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాద్దామని కూర్చున్నాను. బళ్లో చదువుకున్న పాఠమే. భీమవరంలో 1895లో పుట్టి, 1923లో ఇదే బోస్టన్ వచ్చి, డబ్బుల్లేక పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగిన మనిషి. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం పాటైనా జబ్బు వెనక్కి తగ్గింది. మందుతో పిల్లల్లో ఆ జబ్బు వెనక్కి తగ్గడం అదే మొదలు. ఆ ఫలితాలు అచ్చయింది 1948 జూన్‌లో. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

ఇంతవరకూ తెలిసిందే. ఆయన ఓడ ఎక్కడానికి డబ్బెక్కడిదని వెతికితే, మామగారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ కొంత అని ఉంది. ఫోన్ పక్కన పెట్టేశాను. జగన్నాథపురంలో 'ఎం.ఎస్.ఎన్. చారిటీస్' అంటే నాకు ఆటో ఎక్కి చెప్పే పేరు. ఆ గేటు ముందు జామకాయలు కొనుక్కున్నాను. చారిటీస్ అంటే ధర్మసంస్థ అని ఒక్కసారైనా అనిపిస్తేగా! ఆ నాయకర్ గారూ ఊళ్లో సంపాదించినాయన కాదు. రంగూన్ వెళ్లి గడించి, అదంతా ధర్మానికి రాసి పోయారు. అంటే సుబ్బారావు గారు కూడా వెళ్లి అడిగే ఉంటారు, ఎవరో ఒకరి గుమ్మంలో నిలబడి.

ఇదంతా రాసి గ్రూపులో పెట్టాను. ఈసారి దణ్ణాలతో ఆగలేదు. సుబ్బారావు గారికి నోబెల్ ఎందుకివ్వలేదని రెండు రోజులు చర్చ. వంద మెసేజిలు దాటాయి. ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకాయన వెళ్లేముందు నా పేజీలో వంద డాలర్లు వేసి వెళ్లాడు. చిల్లర మల్లర కలిపి నడక రోజుకి 1,340 తేలింది.

అక్టోబర్లో ఒక సాయంత్రం బోస్టన్ కామన్‌లో నడక. చలి మొదలైంది. లాంతర్లు మూడు రంగుల్లో ఇస్తారు. మద్దతుగా వచ్చినవాళ్లకి ఎరుపు, జబ్బుతో బతుకుతున్నవాళ్లకీ గట్టెక్కినవాళ్లకీ తెలుపు, పోయినవాళ్ల తాలూకు మనుషులకి బంగారు రంగు. లోపల చిన్న బ్యాటరీ దీపం. నాకు ఎరుపు. పక్క సీటావిడది తెలుపు. మా ముందు ఒకతను బంగారు రంగుది పట్టుకుని, భుజాల మీద కూర్చున్న పాపకి ఇంకొకటి ఇచ్చి నడుస్తున్నాడు. పాప దాన్ని అతని నెత్తి మీద ఆనించి నిద్రపోతోంది.

ఏడవుతోంది. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. బాబాయి నాలుగింటికే లేచి వాకింగ్‌కి తయారవుతాడు కదా అని వీడియో కాల్ చేశాను. మంకీ క్యాప్‌లో మొహం సగమే కనబడుతోంది.

"ఎంత వసూలైందే?"

చెప్పాను. రూపాయల్లోకి మార్చుకున్నాడు. "ఓసి నీ! లక్షకి దగ్గర. మన పందిరికి కూడా అంత రాదు." ఆ తర్వాత, "ఆ తెల్ల దీపం ఆవిడెవరు?"

"మా ఆఫీసులో ఆవిడ. నువ్వు వేసుకునే మాత్రే."

"ఔనా! పొద్దున్నా, రాత్రా?"

"పొద్దున్నే."

"పొద్దున్న వేసుకుంటే కడుపులో తిప్పదూ? రాత్రి భోంచేశాక వేసుకోమను. మజ్జిగన్నం తిన్నాక."

ఆవిడకి చెప్పాను. మజ్జిగన్నం అంటే ఏమిటో చెప్పేసరికి చెరువు దాకా వచ్చేశాం. ఆవిడ ఫోన్ దగ్గరికి వంగి, నాతో అన్నారు: "కాళ్లకి తిమ్మిర్లు ఆయనకీ వస్తాయేమో అడుగు."