కూలిన కొండ కింద ఊరు: రోక్‌ఫోర్

నీలి చారల చీజ్‌కి పేరిచ్చిన రోక్‌ఫోర్‌ని మ్యాపులో వెతికితే ఒక కొండవాలు, దాన్ని పట్టుకుని వేలాడే రెండు మూడు వీధులు కనిపిస్తాయి, అంతే. పూర్తి పేరు రోక్‌ఫోర్-సుర్-సూల్జోన్. దక్షిణ ఫ్రాన్స్‌లో అవేరోన్ జిల్లా. దగ్గరి పట్టణాలు సెంతాఫ్రీక్, మీయో. జనాభా ఆరు వందల లోపే. ఇంత చిన్న ఊరు ఏటా వేల టన్నుల సరుకు బయటికి పంపుతోందంటే, ఆ ఘనతలో మొదటి వాటా అక్కడి రాళ్లదే.

ఊరి నెత్తిన కొంబలూ అనే సున్నపురాయి పీఠభూమి ఉంది. రాయి కింద బంకమన్ను పొరలున్నాయి. వాననీరు రాతి పగుళ్లలోంచి దిగి ఆ మన్నును నానబెట్టడంతో పైనున్న రాయి పట్టు తప్పి జారింది. అలా ఉత్తరపు అంచు విరిగి కుప్పకూలింది. ఇళ్లంత బండల నుంచి గులకరాళ్ల దాకా కలిసిన ఆ కుప్ప సుమారు 2 కిలోమీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పు. బండల మధ్య మిగిలిన సందులను అక్కడివాళ్లు ఫ్లూరీన్‌లు అంటారు. ఎండ పెద్దగా తగలని వైపు కాబట్టి ఈ సందుల్లో రాయి ఎప్పుడూ తడిగా, చల్లగా ఉంటుంది. వాటిగుండా వచ్చే గాలి ఆ చలినీ తేమనూ మోసుకొస్తుంది. అందుకే చీజ్‌ని మగ్గబెట్టే గుహల్లో ఏడాదంతా 8 నుంచి 12 డిగ్రీలు, తేమ 95 శాతం దరిదాపు. కరెంటు అక్కర్లేని శీతల గిడ్డంగి అన్నమాట.

గుహలు అంటే అన్నీ సహజమైనవి అనుకోవద్దు. చాలావరకు ఆ రాళ్లకుప్పలోకి తవ్వి, గోడలు కట్టి, అంతస్తులుగా వేసిన నేలమాళిగలే. ఫ్లూరీన్ నోరు గదిలోకి తెరుచుకునే చోట ఒక తలుపు ఉంటుంది. లోపలా బయటా వేడి తేడాను బట్టి గాలి జోరు మారుతుంది కాబట్టి ఎంత తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నదే గుహ మేస్త్రీ పనితనం. గాలి ఎక్కువైతే చీజ్ పైపొర ఎండి పగులుతుంది, తక్కువైతే పైన జిగురు కడుతుంది.

పాలు లకోన్ జాతి గొర్రెలవి మాత్రమే, అదీ కాచకుండా, వెన్న తీయకుండా. పితికిన 48 గంటల్లోపు 28–34 డిగ్రీల వెచ్చదనంలో పాలను గడ్డకట్టించే రెన్నెట్ వేసి తోడుపెడతారు. గడ్డకట్టిన పాలను ముక్కలుగా కోసి, అచ్చుల్లో నింపి, నీరు దానంతటదే కారిపోనిస్తారు. బరువు పెట్టి నొక్కకూడదు. నొక్కితే లోపల ఖాళీలు మూసుకుపోతాయి, ఖాళీ లేనిచోట నీలి చారలు తెచ్చే పెనిసిలియం రోక్‌ఫోర్టి అనే బూజు పెరగదు. ఆ ఖాళీలను పెంచడానికే పాలలో వాయువు పుట్టించే ల్యూకోనోస్టాక్ బ్యాక్టీరియా కూడా కలుపుతారు. తరవాత పొడి ఉప్పు పట్టించి, సన్నని సూదుల వరసతో పొడుస్తారు. ఆ బెజ్జాల్లోంచి లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, ప్రాణవాయువు లోపలికి వస్తుంది. తయారైన చీజ్‌ని కోసి చూస్తే నీలం కొన్నిచోట్ల నిలువు గీతల్లా దిగి ఉంటుంది. అవి సూది దారులు. అంచుల్లో మాత్రమే నీలం ఉండి నడుమ తెల్లగా మిగిలితే గాలి లోపలిదాకా అందలేదని అర్థం.

ఒక్కో చీజ్ 19–20 సెంటీమీటర్ల అడ్డకొలత, రెండున్నర నుంచి మూడు కిలోల బరువు. దానికి సుమారు 12 లీటర్ల పాలు పడతాయి. గుహలో ఓక్ చెక్కల మీద చక్రంలా నిలబెట్టి పేరుస్తారు, రెండు ముఖాలకూ గాలి ఆడాలిగా. గుహగాలిలో చుట్టకుండా కనీసం 14 రోజులు ఉండాలి. ఆ తరవాత రేకు చుట్టి చల్లగదికి మారుస్తారు. తయారైన రోజు నుంచి మొత్తం 90 రోజులు నిండకుండా అమ్మడానికి లేదు. పాత రోజుల్లో బూజు కోసం పెద్ద రై రొట్టెలు కాల్చి గుహల్లో వదిలేవాళ్లు. రొట్టె లోపలంతా బూజు పట్టాక ఎండబెట్టి పొడి చేసేవాళ్లు. ఇప్పటికీ కొందరు ఆ పద్ధతి మానలేదు. మిగతావాళ్లు ప్రయోగశాలలో పెంచిన బూజు వాడతారు.

గుహలో రొట్టె, చీజ్ మరిచిపోయి అమ్మాయి వెంట పోతే ఆ చీజ్‌కి బూజు పట్టిందనే గొర్రెలకాపరి కథ పర్యాటకులకి చెప్పుకోవడానికి బాగుంటుంది. ఊరి అసలు చరిత్ర కాగితాల మీద నడిచింది. 1411లో రాజు ఆరో చార్లెస్ చీజ్ పండించే (అంటే గుహల్లో మగ్గబెట్టే) హక్కు ఈ ఊరివాళ్లకే రాసిచ్చాడు. 1666లో తులూజ్ పార్లమెంటు (అప్పట్లో అది న్యాయస్థానం) నకిలీ రోక్‌ఫోర్ అమ్మేవాళ్లకి శిక్ష వేస్తానంది. 1925లో వచ్చిన చట్టంతో ఫ్రాన్స్‌లో పుట్టినచోటి పేరుకు రక్షణ దొరికిన మొదటి చీజ్ ఇదే అయింది. 1961లో మీయో కోర్టు తేల్చిన మాట ఇంకా సూటిగా ఉంది: పద్ధతి ఎక్కడ అనుసరించినా సరే, కొంబలూ గుహల్లో పండితేనే రోక్‌ఫోర్. అంటే చట్టం కాపలా కాస్తున్నది ఒక చిరునామాకి.

ఆ చిరునామాకి పాలు బయటినుంచే వస్తాయి. అవేరోన్, లొజేర్, తార్న్‌తో పాటు చుట్టుపక్కల జిల్లాల కొన్ని భాగాల్లో మందలున్నాయి. చీజ్ కూడా ఊరి బయటి డైరీల్లోనే గట్టిపడి వస్తుంది. ఊళ్లో జరిగేది పండించడం, చుట్టడం, కోయడం, పంపడం. గుహల్లో చీజ్ తిప్పి, గీకి, చుట్టే ఆడవాళ్లను కబానియేర్‌లు అంటారు. తయారీదార్లు ఏడుగురే, అందులో ఒక కంపెనీదే సింహభాగం. పాలిచ్చే రైతులనూ తయారీదార్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే సమాఖ్య 1930 నుంచి ఉంది.

పాలు డిసెంబరు నుంచి జులై దాకానే దండిగా వస్తాయి, ఎందుకంటే ఈతలు శీతకాలం మొదట్లో. పిల్లలు నెలరోజులు తాగాక పాలు డైరీకి మళ్లుతాయి. ఆ పిల్లల లేత తోళ్లతోనే మీయో చేతితొడుగులకి పేరు తెచ్చుకుంది. చీజ్‌కి పట్టగా మిగిలిన పాలతో ఫెటా అనే మరో రకం చీజ్ చేసి అమ్మేవాళ్లు. ఫెటా పేరు గ్రీసుకే చెందుతుందని 2005లో యూరప్ న్యాయస్థానం ఖాయం చేయడంతో ఆ పేరు వదులుకున్నారు. ఊరి పేరు మీద బతికే ప్రాంతానికి అలాంటి చట్టమే అడ్డం తిరిగింది, పాపం!

ఎగుమతి మీద ఆధారపడ్డ పల్లెకి ఎక్కడో జరిగే గొడవ కూడా తగులుతుంది. హార్మోన్లు వాడిన అమెరికా గొడ్డుమాంసాన్ని యూరప్ వద్దన్నందుకు, 1999లో అమెరికా రోక్‌ఫోర్ మీద 100 శాతం సుంకం వేసింది. ఆ ఆగస్టులో దగ్గరి లార్జాక్ పీఠభూమికి చెందిన గొర్రెల రైతు జోసే బోవే, నిరసనగా సాటి రైతులతో కలిసి మీయోలో ఇంకా కడుతున్న మెక్‌డొనాల్డ్స్‌ని ఊడదీశాడు. 2009లో ఆ సుంకాన్ని 300 శాతం చేస్తామన్నారు, తరవాత ఒప్పందం కుదిరి అది అమలు కాలేదు.

గుహలు చూడాలనుకునేవాళ్లు జులైలోనైనా స్వెటర్ పట్టుకెళ్లాలి. సందర్శనలో ఫ్లూరీన్ ఉన్న గది చూపిస్తారో లేదో ముందే అడగండి. తలుపు దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతుంది.