ఎదురెదురు ఎర్ర చుక్కలు

వృషభరాశి కాన్వాస్ నిన్న రాత్రి పూర్తయింది. ఎద్దు కంటి దగ్గర చివరి కుట్టు వేసి, ఊలు కొసను వెనక కుట్ల కిందికి దూర్చి కత్తిరించాక, దీపం ఆర్పబుద్ధి కాలేదు. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు అంగుళాల చదరం, అంగుళానికి పది గళ్లు. లెక్కకు 19,600 గళ్లు.

నాది నీడిల్‌పాయింట్, అంటే గళ్ల కాన్వాస్‌ను ఊలు కుట్లతో నింపే పని. దీనికి రాశుల బొమ్మలు ముద్రించిన కాన్వాస్‌లు దొరుకుతాయి. వాటిలో ఎద్దు, తేలు అందంగానే ఉంటాయి. చుక్కలను మాత్రం ఖాళీ కనిపించిన చోటల్లా చల్లేసి ఉంటారు. అది నాకు నచ్చదు. రాశి అంటే ముందు చుక్కలే కదా! వాటిని రాత్రుల తరబడి చూసిన మనిషికి ఆ తర్వాతే ఎద్దు కనబడింది. నేనూ ఆ వరుసలోనే వెళ్లాలనుకున్నాను. గళ్ల కాగితం మీద ముందు నక్షత్రాలు గుర్తించుకున్నాను. ఆకాశంలో ఒక డిగ్రీకి ఐదు గళ్లు. చేయి బారుగా చాచి చిటికెన వేలు అడ్డం పెడితే, ఆ వేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ.

ఆ కొలతలో కృత్తికల నుంచి రోహిణికి డెబ్బై గళ్లకు కాస్త తక్కువ దూరం వచ్చింది. కొమ్ముల కొసలు కూడా హాయిగా ఇమిడాయి. చిక్కల్లా కృత్తికలతోనే. ఆ గుంపు వెడల్పే డిగ్రీ పైచిలుకు. కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులు ఐదారు గళ్లలో సర్దుకోవాలి! మామూలు కుట్టుతో కుడితే ఆరు చుక్కలూ కలిసి ఒక తెల్లటి మచ్చ అవుతాయి. దీనికోసమే పెనెలోపీ కాన్వాస్ తీసుకున్నాను. అందులో నిలువు పోగులు, అడ్డ పోగులు జంటలుగా ఉంటాయి. సూది మొనతో ఆ జంటను నెమ్మదిగా విడదీస్తే ఒక గడి నాలుగు గళ్లవుతుంది. అంతమేరా ఊలు వదిలేసి, ఒక్క పోగు పట్టుదారంతో అంగుళానికి ఇరవై చొప్పున కుట్టాను. ఇప్పుడు కాన్వాస్‌ను దగ్గరగా తెచ్చుకుంటే ఆరుగురూ విడివిడిగా లెక్కకు వస్తారు. దూరం పెడితే ఆకాశంలో కనిపించినట్టే మసకగా కలిసిపోతారు.

పెనెలోపీ పేరు ఊరికే తలుచుకోలేదు. భర్త ఒడిస్సియస్ తిరిగి వచ్చేదాకా పెళ్లి మాట వాయిదా వేయడానికి, పగలు నేసిన వస్త్రాన్ని రాత్రి విప్పుతూ మూడేళ్లు గడిపిన గ్రీకు ఇల్లాలు ఆమె. నేనూ విప్పాల్సి వచ్చింది. మొదటిసారి గీసుకున్న నమూనాకు 1690లో అచ్చయిన, ఖగోళ శాస్త్రవేత్త హెవెలియస్ నక్షత్ర పటాలను ఆధారంగా పెట్టుకున్నాను. ఆయన ఆకాశాన్ని గోళంలా ఊహించి, దాన్ని బయటి నుంచి చూస్తున్నట్టు గీశాడు. అంటే అంతా అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. ఉత్తరం పైకి పెట్టి చూస్తే కృత్తికలు కుడివైపు, రోహిణి ఎడమవైపు కిందుగా ఉండాలి. ఒక రాత్రి డాబా మీద నిలబడి తల ఎత్తినప్పుడు గాని నాకు ఆ తేడా తెలియలేదు. కిందికి వచ్చి కత్తెర తీసుకున్నాను. ఊలును లాగి విప్పితే కాన్వాస్ సాగిపోతుంది. నాలుగైదు కుట్లకు ఒకసారి తెంపుతూ, ముక్కలను చిమటాతో ఏరాలి. మూడు సాయంత్రాలు అదే పని.

ఆకాశంలో ఉన్నది ఎద్దు ముందు భాగం మాత్రమే. దేవతల రాజు జ్యూస్ ఎద్దు రూపంలో, యూరోపా అనే రాకుమారిని వీపు మీద ఎక్కించుకుని సముద్రం ఈదుతున్నాడు కాబట్టి వెనక భాగం నీళ్లలో ఉందని గ్రీకు కథ. అందుకే కింద మూడు అంగుళాలు అలలకు ఇచ్చాను. మిగిలిన ఆకాశం నీలిమందు రంగులో, బాస్కెట్‌వీవ్ అనే కుట్టుతో. అడ్డ వరుసల్లో కుట్టుకుపోతే కాన్వాస్ ఓ పక్కకు లాగి వంకరపోతుంది. ఏటవాలుగా మెట్లు దిగుతూ, ఎక్కుతూ కుడితే చదునుగా నిలుస్తుంది, వెనకవైపు బుట్ట అల్లికలా ఉంటుంది.

గ్రీకులకు ఎద్దు కన్నయిన ఆ చుక్కే మనకు రోహిణి. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్లలో చంద్రుడు మరీ మక్కువ పడ్డది ఆమె మీదే, మామగారి శాపంతో క్షీణించిందీ అందుకే. ఆమెను మామూలు కుట్టుతో కుట్టడానికి మనసొప్పలేదు. రెండేసి గళ్ల మేర గుణకారం గుర్తు, దాని మీద కూడిక గుర్తు వేస్తే ఎనిమిది మొనల చుక్క కాస్త ఉబ్బెత్తుగా లేస్తుంది. పర్షియన్ ఊలులో మూడు పోగులు ఉంటాయి, విడదీయవచ్చు. రెండు నారింజ పోగులకు ఒక ఎరుపు పోగు కలిపాను. రోహిణి నిజంగా ఆ రంగే.

జ్యోతిషంలో చంద్రుడికి వృషభం ఉచ్చ (బలమైన చోటు), వృశ్చికం నీచ (బలహీనమైన చోటు). అందుకే ఈ కాన్వాస్‌లో పై మూల నిండు చంద్రుణ్ణి పెట్టాను. దీనికి జోడుగా కుట్టబోయే వృశ్చికంలో అదే మూలన గోటి గీతంత నెలవంక ఉంటుంది. ఈ రెండింటినీ జంటగా తీసుకోవడానికి అదొక్కటే కారణం కాదు. ఇరవై ఏడింటిలో రోహిణి నాలుగో నక్షత్రం, వృశ్చికంలోని జ్యేష్ఠ పద్దెనిమిదోది. రాశిచక్రంలో దాదాపు సరిగ్గా ఎదురెదురు. ఒకటి పడమట దిగే వేళకు మరొకటి తూర్పున లేస్తుంది. రెండూ ఎర్ర చుక్కలే. జ్యేష్ఠ ఎరుపు మరీ ముదురు. కుజుడికి పోటీ అన్న అర్థంలోనే గ్రీకులు దాన్ని ఆంటారెస్ అన్నారు. రెండు కాన్వాస్‌లనూ ఒకే గదిలో ఎదురెదురు గోడలకు వేలాడదీస్తాను. పక్కపక్కన పెడితే నాకు ఒప్పు కాదు.

తేలు నమూనా సిద్ధంగా ఉంది. నుదుటన అనూరాధ, గుండెలో జ్యేష్ఠ, కొండి దగ్గర మూలకు చెందిన రెండు చుక్కలు, వాటి మధ్య మూడే గళ్ల ఎడం. అక్కడ మళ్లీ పోగులు విడదీయాలి. కాన్వాస్ అంచులకు టేపు అంటించాను. ఈసారి కంటిని చివరికి దాచుకున్నట్టు గుండెను దాచుకోను, ఈ రాత్రి దానితోనే మొదలు. రెండు ముదురు ఎరుపు పోగులు, ఒక నారింజ పోగు.