గిన్నె చేతికిచ్చినాక

అజంతా గుహలకి బస్సు మారే ఫర్దాపూర్ టీ జంక్షన్‌లో దిగామో లేదో, ఒక కుర్రాడు వచ్చి నా అరచేతిలో చిన్న రాయి పెట్టాడు. గోలీకాయంత ఉంది. పగిలినవైపు పటికబెల్లంలా మెరుస్తోంది. జేబులో చెయ్యి పెట్టబోతే వద్దన్నాడు. గిఫ్టట, వచ్చేటప్పుడు వాళ్ళ షాపు ఒక్కసారి చూస్తే చాలట. షాపు నంబరు నాచేత రెండుసార్లు చెప్పించుకుని వెళ్ళిపోయాడు.

నాకు నవ్వొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు మందుల కంపెనీ రెప్‌గా తిరిగినవాణ్ణి. శాంపిల్ ఎప్పుడూ డాక్టరుగారి టేబుల్ మీద పెట్టకూడదు, చేతికివ్వాలి అని మా మొదటి మేనేజరు నేర్పాడు. టేబుల్ మీదది పక్కకు తోసేస్తారు. చేతికిచ్చింది కాసేపైనా పట్టుకుంటారు. పట్టుకున్నాక ఇక మొహమాటం పని చేసుకుపోతుంది.

"అక్కడే ఇచ్చేయకపోయారా?" అంది మా ఆవిడ.

"వాడు వెళ్ళిపోయాడుగా."

"ఇన్నేళ్ళు ఊరందరికీ అంటగట్టారు, మీకు తీసుకోవడం మాత్రం తెలీదు."

అజంతాకి మేం నిజానికి ఒకరోజు ముందే రావాలి. సోమవారం గుహలు మూసేస్తారన్న సంగతి చూసుకోలేదు. ఆ రోజు దౌలతాబాద్ కోట ఎక్కి మోకాళ్ళ పని పట్టాం. మర్నాడు ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) నుంచి వంద కిలోమీటర్లు బస్సు, టీ జంక్షన్ నుంచి గుహలదాకా ఇంకో బస్సు. డోలీవాళ్ళు మా ఆవిడ నడక చూసి వెంటపడ్డారు గానీ, ఆమె వాళ్ళకంటే ముందు ఎక్కేసింది.

వాఘోరా వాగు చుట్టూ గుర్రపునాడాలా వంగిన కొండ, దాని నడుముకి వరసగా ముప్పై గుహలు. 1819లో వేటకొచ్చిన జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు అధికారి కంట పడ్డాయని గైడ్లందరూ ఒకే రాగంలో చెబుతారు. ఒకప్పుడు ఇదంతా మన హైదరాబాద్ రాజ్యమే. నిజాం పురావస్తు శాఖలో గులాం యజ్దానీ ఉన్నప్పుడు, 1920ల్లో ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి బొమ్మలు బాగుచేయించారు. వాళ్ళు పూసిన వార్నిష్ తర్వాత పసుపెక్కింది. మంచికే చేశారు పాపం.

ఒకటో గుహలో చెప్పులు విడిచి లోపలికెళితే ముందు ఏమీ కనపడదు. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక గోడలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. జనమంతా పద్మపాణి బోధిసత్వుడి బొమ్మ ముందు గుమిగూడారు. నేను ఎడమ గోడ దగ్గరే ఆగిపోయాను. మహాజనక జాతకం, అంటే బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటి. రాజుకి వైరాగ్యం పుట్టింది, రాణి శీవలి ఆయన్ని ఆపాలి. నాట్యకత్తె ఒళ్ళు వంచి ఆడుతోంది, చుట్టూ వాద్యాలు, రాజు మనసు మాత్రం అక్కడ లేదు. కథలో రాణి ఇంకా దూరం వెళుతుంది. పాడుబడ్డ ఇళ్ళకి నిప్పు పెట్టించి, ఖజానా తగలబడిపోతోంది రమ్మంటుంది. మిథిల కాలిపోతే నాదేమీ కాలదు అంటాడాయన. మార్కెటింగ్ మీటింగుల్లో 'అర్జెన్సీ సృష్టించాలి' అని మాకు చెప్పింది దీని గురించే కాబోలు.

అదే గుహలో గర్భగుడి ముందు గదిలో, తపస్సు చెడగొట్టే మారుడున్నాడు. బోధి చెట్టు కింద కూర్చున్న గౌతముడి మీదికి సైన్యాన్ని, కూతుళ్ళని తోలుకొచ్చాడు. ఇదే ఘట్టం ఇరవై ఆరో గుహలో రాతిలో ఉంది. ఏనుగు మీద మారుడు, కింద ఆడుతున్న కూతుళ్ళు, ఓ మూల ఓడిపోయి దిగాలుగా కూర్చున్న మళ్ళీ ఆ మారుడే. నెలాఖరున టార్గెట్ అందని రెప్ ముఖం నాకు బాగా తెలుసు. శిల్పికీ తెలుసు.

రెండో గుహలో ఇంకో జాతక కథ, విధుర పండితుడిది, గబగబా చూసేశాం. ఉయ్యాల మీద నాగకన్య ఇరందతి, ఆమెని చూసి మోజుపడి, ఆమె కోసం పండితుణ్ణి గెలుచుకోడానికి పాచికలాటకి బయల్దేరే యక్షుడు పూర్ణకుడు. ఉయ్యాల బాగుంది. పాచికలకి మనకి శకుని ఉండగా వేరే ఎవరూ ఆనరు.

నేను వచ్చింది పదహారో గుహ కోసం. వాకాటక రాజు హరిషేణుడి మంత్రి వరాహదేవుడు 5వ శతాబ్దం చివర్లో తొలిపించాడు. బయట శాసనం వేయించుకున్నాడు. లోపల నందుడి కథ ఉంది.

నందుడు బుద్ధుడికి సవతి తమ్ముడు. అందగాడు, అందగత్తె పెళ్ళాం సుందరి. బుద్ధుడు భిక్షకొచ్చి, వెళుతూ గిన్నె తమ్ముడి చేతికిచ్చాడు. అంతే. అన్నగారు, పైగా అంతటివాడు. తిరిగి తీసుకోండి అనడానికి నందుడికి నోరు రాలేదు. ఇదిగో ఈ మలుపులో తీసుకుంటారు, ఆ గుమ్మం దగ్గర తీసుకుంటారు అనుకుంటూ విహారందాకా నడిచాడు. అక్కడ తల గొరిగేశారు.

గొరిగినా మనసు ఇంటి దగ్గరే ఉంది. అప్పుడు బుద్ధుడు అతన్ని స్వర్గానికి తీసుకెళ్ళాడు. దారిలో ఒక ఆడకోతిని చూపించి, నీ భార్యా ఇదా, ఎవరు అందంగా ఉన్నారన్నాడు. తర్వాత అప్సరసల్ని చూపించి మళ్ళీ అడిగాడు. వీళ్ళ ముందు నా భార్య ఆ కోతిలా ఉందన్నాడు నందుడు. సరే, సాధన చెయ్యి, వీళ్ళు నీకు దక్కేలా నాదీ పూచీ అన్నాడు బుద్ధుడు. కూలికి సన్యాసం చేస్తున్నాడని తోటి భిక్షువులు వెక్కిరించారు. ఆ సిగ్గుతో నిజంగానే సాధనలో పడి, అర్హతుడై, అంటే ముక్తి పొందినవాడై, మీ పూచీ ఇక అక్కర్లేదని తనే వచ్చి చెప్పాడు. బౌద్ధులు దీన్ని ఉపాయ కౌశల్యం అంటారు. మారుడు కూతుళ్ళని చూపిస్తే మాయ, ఇక్కడ అప్సరసల్ని చూపిస్తే ఉపాయం. తేడా ఎవరి మేలు కోసమన్న దాంట్లో ఉందంటారు. మేమూ రోగి మేలు కోసమనే చెప్పేవాళ్ళం.

ఈ కథని నేను మొదట చూసింది నాగార్జునకొండ మ్యూజియంలో. మన ఇక్ష్వాకుల కాలం సున్నపురాతి పలక. అందులో కోతి కూడా ఉంది. మనవాడు ఆ కిటుకునే చెక్కాడు. అజంతా గోడ మీద మిగతా కథ చాలావరకు చెరిగిపోయి, ఒక స్త్రీ బొమ్మే జనానికి గుర్తుండిపోయింది. 'మరణిస్తున్న రాకుమారి' అని పేరు పెట్టారు గానీ ఆమె సుందరి, చావట్లేదు. మొగుడు సన్యాసంలో కలిశాడన్న కబురు విన్నది. తల వాలిపోయింది, కనురెప్పలు బరువెక్కాయి, వెనక నుంచి చెలికత్తె పట్టుకుంది. ఎదురుగా ఒకడు కిరీటం పట్టుకుని నిలబడ్డాడు. నందుడి కిరీటం.

గైడు నందుడి వైరాగ్యం గురించి చెబుతున్నాడు. మా ఆవిడ వినట్లేదు.

"మా నాన్న పోయినరోజు ఆఫీసువాళ్ళు టిఫిన్ క్యారేజీ పట్టుకొచ్చారు" అంది. "వాళ్ళు నోరు తెరవకముందే క్యారేజీ చూసి మా అమ్మ ఇలాగే కూర్చుండిపోయింది."

పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. వెనకవాళ్ళు జరగమనేదాకా అక్కడే నిలబడ్డాం.

సాయంత్రం టీ జంక్షన్‌లో కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు. రాయి తిరిగి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. గట్టివాడే. షాపులో ఊదారంగు రాయి పన్నెండు వందలు చెప్పాడు. పావుగంట బేరమాడి నాలుగొందలకి తీసుకున్నాను. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొదటే రెండొందలు అనుంటే ఎక్కడికి దిగేవాడా అని లెక్కలు వేస్తూ కూర్చున్నాను.