అడిగే ఉత్తరాలు

మాంచెస్టర్‌లో నేను చేసే పనేంటో అమ్మకి చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. "చిన్న చిన్న సేవాసంస్థలకి విరాళాలడిగే ఉత్తరాలు, బ్రోచర్లు రాస్తానమ్మా" అంటే ఫోన్లో కాసేపు మాట లేదు. "అంత చదివింది అడుక్కోడానికా?" అంది చివరికి.

చదువుకునే రోజుల్లో ఆ అడుక్కోడం కూడా కుదర్లేదు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే వారాల్లో 20 గంటలే పని, అదీ ఎవరి దగ్గరైనా జీతానికి. సొంతంగా ఇన్‌వాయిస్ వేసుకునే ఫ్రీలాన్స్‌కి ఒప్పుకోరు. కోర్సయ్యాక రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసా వచ్చాకే మొదలుపెట్టాను.

నా మొదటి ఉత్తరం చూసి, ఆ సంస్థ నడిపే పెద్దావిడ పెన్సిల్‌తో పై రెండు పేరాలూ కొట్టేసింది. వాటిలో సంస్థ ఆశయాలు, చరిత్ర ఉన్నాయి. నాకొచ్చిన రాత అదే మరి, మన సావనీర్లలో అధ్యక్షుల వారి సందేశం లాంటిది. ఎంత కావాలో ఎక్కడా రాయలేదేం అని అడిగింది. నిజమే, తోచినంత ఇమ్మని వదిలేశాను. నెలకి 10 పౌండ్లని రాయించింది. అడిగేది నాకోసం కాకపోయినా, ఆ వాక్యం రాస్తుంటే తల కొట్టేసినట్టయింది.

దాని కిందే ఒక టిక్కు గడి. అక్కడ పన్ను కట్టేవాళ్ళు 10 పౌండ్లిచ్చి ఆ టిక్కు పెడితే, ప్రభుత్వం సంస్థకి ఇంకో రెండున్నర పౌండ్లు కలుపుతుంది. గిఫ్ట్ ఎయిడ్ అంటారు. ఇచ్చినవాళ్ళ జేబులోంచి అదనంగా ఏమీ పోదు. అయినా చాలామంది ఆ గడి చూడకుండా వదిలేస్తారు. దాన్ని చూసేలా రాయడమే నా పనిలో సగం.

ఇప్పుడు హైదరాబాద్‌లో, సైనిక్‌పురిలో ఉంటున్నా. మాంచెస్టర్ సంస్థలు రెండు ఇంకా పనిస్తున్నాయి. చలికాలంలో వాళ్ళకి పొద్దున తొమ్మిదైతే మనకి మధ్యాహ్నం రెండున్నర. అందుకని పొద్దుటి పూట ఇక్కడి పని చూసుకుంటాను.

నాన్న స్నేహితుడొకాయన ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నారు. "పన్ను మినహాయింపుకి 80జీ రసీదు ఇస్తామని పెద్దక్షరాల్లో వెయ్యమ్మా" అన్నారు. "అంకుల్, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఆ మినహాయింపు రాదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది అందులోనే ఉన్నారు" అన్నాను. ఆయన నమ్మలేదు, ఆడిటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నారు.

మాంచెస్టర్ స్నేహితుల్ని కూడా అడుగుదామనుకున్నాం. అక్కడ పాస్‌పోర్టు దగ్గర ఆగిపోయాం. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, హాస్టల్‌కి అది లేదు. ఎన్నారై అయినా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అవుతుంది, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే. మా స్నేహితుల్లో ఒక జంట ఉంది: మొగుడు ఇవ్వొచ్చు, పెళ్ళాం ఇవ్వకూడదు! పరాయివాళ్ళని చేశారని ఆ అమ్మాయి అనుకోకుండా ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఒక పూటంతా పట్టింది.

పనంతా అయ్యాక ఫీజు సంగతి ఎత్తాను.

"సేవకి కూడా ఫీజా అమ్మా?"

"ప్రింటింగ్ ప్రెస్సాయనకి ఇచ్చారు కదండీ."

"ఆయనది వ్యాపారం కదమ్మా."

ఎనిమిది వేలకి ఇన్‌వాయిస్ పంపాను. మూడు నెలల తర్వాత హాస్టల్‌కి పిలిచి, ఆంటీ చేత బొట్టు పెట్టించి, పళ్ళూ ఒక కవరూ చేతిలో పెట్టారు. కవరు మీద సంభావన అని రాసుంది. లోపల 5,116 రూపాయలున్నాయి. మిగతాది ఎలా అడగాలో ఇంకా తోచలేదు.