ఒక్క మాటకి ఒక ఫారం

ఈ దేశంలో ఉద్యోగానికి చేరి ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఒక్క మెషీన్ పాడు చేయలేదు, ఒక్కరోజు లేటుగా వెళ్లలేదు. మొదటిసారి చీవాట్లు తిన్నది ఒక పేషెంటుకి ధైర్యం చెప్పినందుకు.

నా పని పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు మీద జరిగే ఒక పరిశోధనలో టెక్నీషియన్‌గా. కోత లేకుండా, మత్తు ఇవ్వకుండా, పుర్రె మీది నుంచే మెదడుకి అయస్కాంతపు తాకిడి ఇస్తాం. పొట్టిగా టీఎంఎస్ అంటారు. 8 అంకెలా ఉండే కాయిల్‌లోకి కరెంటు ఒక్క క్షణం వచ్చి పోతుంది. దాంతో పుట్టే అయస్కాంత క్షేత్రం ఎముకని దాటి వెళ్లి, లోపల నరాల కణాల్లో చిన్న కరెంటు పుట్టిస్తుంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన తోటివాళ్లు కలిసి చేసి చూపించిన పని ఇది. డిప్రెషన్‌కి అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. పార్కిన్సన్స్‌కి ఇంకా పరీక్షలే నడుస్తున్నాయి. జబ్బు మూలం మెదడు అడుగున ఉంది, కానీ మా కాయిల్ దెబ్బ రెండు మూడు సెంటీమీటర్లు దాటి లోపలికి పోదు. పైన కదలికల్ని నడిపే భాగాన్ని తడితే, దానితో ముడిపడ్డ లోపలి దారులు కూడా స్పందిస్తాయన్నది ఆశ.

ఆ రోజు వచ్చినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఎడమ చెయ్యి బిగుసుకుపోయింది. చెవుల్లో ప్లగ్గులు పెట్టి, తలకి కుడివైపున కాయిల్ ఆనించి, సరైన చోటు కోసం మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుతున్నాను. పదిసార్లు కొడితే కనీసం ఐదుసార్లు బొటనవేలి కండరం స్పందించాలి. అదే మాకు కొలత. టక్‌మంది. ఆవిడ ఎడమ బొటనవేలు ఎగిరింది. ఇంకోసారి టక్. మళ్లీ ఎగిరింది. ఆవిడ దాన్ని పక్కవాళ్ల వేలిని చూసినట్టు చూశారు. ఈ జబ్బులో ముఖం మీద భావాలు పెద్దగా పలకవు, నవ్వినా ఏడ్చినా ఒకేలా ఉంటుంది. కళ్లు మాత్రం దాచలేవు.

"ఇది పనిచేస్తుందా?" అని అడిగారు.

"తప్పకుండా. రెండు వారాల్లో మీకే తెలుస్తుంది" అన్నాను.

మన నోట్లోంచి అది ఆలోచించి వచ్చే మాట కాదు కదా. మంచం పక్కన నిలబడ్డవాళ్లు ఎవరైనా అనేదే.

సాయంత్రం ఈ పరిశోధన నడిపే మేడమ్ పిలిచారు. (ఇక్కడ అందరూ ఆవిడని పేరు పెట్టే పిలుస్తారు. నాకు ఇప్పటికీ నోరు రాదు.) తలుపు తీసే ఉంది, బయట నలుగురూ వింటున్నారు. గొంతు పెంచలేదు. "పొద్దున నువ్వు ఆవిడకి ఒక మందు వేశావు. ఎంత డోసు వేశావో నీకూ తెలీదు, నాకూ తెలీదు" అన్నారు. తర్వాత ఒక ఫారం ఇచ్చి, ఏ మాట అన్నానో ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. తేదీ, టైము, సంతకం. మర్నాడు పొద్దున ఏమీ జరగనట్టు గుడ్ మార్నింగ్ చెప్పి వీకెండ్ సంగతులు అడిగారు. మనవాళ్లయితే తిట్టాక రెండు రోజులు మొహం చాటేస్తారు, లేదా తామే వచ్చి ఏదో ఒక వంకతో పలకరిస్తారు. ఈ చదునైన మర్యాద నాకు తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

మందు అనడం మరీ ఎక్కువేమో అనుకున్నాను ముందు. మేడమ్ ఇచ్చిన పరిశోధన పేపర్లు చదివాక నోరు పడిపోయింది. 2001లో కెనడాలోని వాంకూవర్‌లో పార్కిన్సన్స్ పేషెంట్లకి, మందు కావచ్చన్న నమ్మకం మీద వట్టి సెలైన్ ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్ చేస్తే, మెదడులో నిజంగానే డోపమిన్ అనే రసాయనం విడుదలైంది. వాళ్లకి తక్కువైనదే ఆ డోపమిన్. 2006లో వచ్చిన ఇంకో పేపర్ అచ్చం మా పని గురించే. ఉత్తుత్తి కాయిల్ పెట్టినా, అసలుదే పెట్టారనుకున్న పేషెంట్లలో అదే జరిగింది. ఆ పేపర్లన్నిటిలో నన్ను కుదిపేసింది 2010 నాటిది. మీకు అసలు మందు అందే అవకాశం ఇంత అని ఒక్కో గుంపుకి ఒక్కో అంకె చెప్పారు: 25 శాతం, 50, 75, 100. ఇచ్చింది మాత్రం అందరికీ వట్టి మాత్రే. చెప్పుకోదగ్గ డోపమిన్ కనిపించింది 75 అని విన్నవాళ్లలో. 100 అని విన్నవాళ్లలో లేదు!

అంటే నేను "తప్పకుండా" అనకుండా "బహుశా తగ్గొచ్చు" అని ఉంటే ఎక్కువ మేలు చేసేవాడినా? రెండు రాత్రులు ఇదే నలిగింది. మేడమ్ చేతిలో మూడు వాక్యాల కాగితం ఒకటి ఉంది, ప్రతి పేషెంటుకీ అదే చదవాలి: "మీకు అసలు కాయిల్ రావచ్చు, ఉత్తుత్తిది రావచ్చు. ఏది వచ్చిందో మీకూ నాకూ తెలియదు. మేలు జరుగుతుందో లేదో తెలుసుకోవడానికే ఈ పరీక్ష." నిజమే, ఒక్క అబద్ధం లేదు అందులో. కానీ వణికే చెయ్యి పట్టుకుని ఆ మూడు ముక్కలు చదవడం ఎలా ఉంటుందో, రాసినవాళ్లు ఒక్కసారి చేసి చూడాలి.

నా మాటకే అంత బలం ఉంటే దాన్ని వాడుకోవచ్చు కదా అని అడిగాను కూడా. "ఆ బలం ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా బాగుపడింది కాయిల్ వల్లా నీ వల్లా అని తేలకపోతే, నువ్వు పక్కన లేని పేషెంట్లకి నేనేం ఇవ్వాలి?" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా పూర్తిగా మింగుడు పడలేదు.

ఆ పేషెంటు పది సెషన్లూ పూర్తి చేశారు. సెకనుకి 10 దెబ్బల చొప్పున నాలుగు సెకన్లు, తర్వాత విరామం, మళ్లీ మొదలు. ఆఖరి రోజు బొటనవేలు, చూపుడువేలు కలిపి టకటకా తాకించే పరీక్షలో ఎడమ చేతి స్కోరు 3 నుంచి 2కి దిగింది. తక్కువైతే మేలన్నట్టు. అసలు కాయిలా, ఉత్తుత్తిదా అన్నది సీలు వేసిన కోడ్‌లో ఉంది, పరీక్ష అంతా అయ్యేదాకా తెరవరు. ఆ అంకె పక్కనే నా ఫారం కూడా పిన్ను కొట్టి ఉంది.

ఈ గొడవలోనే అన్నయ్య ఫోన్. నాన్నకి ఇదే జబ్బు, ఐదేళ్లుగా. ఎక్కడో అయస్కాంత వైద్యం అని ప్రకటన చూశాడట. "నువ్వు చేసేది ఇదే కదా, తీసుకెళ్లమంటావా?" అన్నాడు. చెప్పాల్సినవి గబగబా చెప్పాను. ఇది జబ్బుని ఆపేది కాదు, మహా అయితే కదలికలు కొంత తేలికవుతాయి, అదీ కొందరిలో, కొన్నాళ్లు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నా, తలలో లోహపు ముక్క ఉన్నా దగ్గరికి పోకూడదు. దీన్ని నమ్మి, ఈ జబ్బుకి వేసుకునే లెవోడోపా మాత్ర ఆపడం అసలు వద్దు. ముందు న్యూరాలజిస్టుని అడగండి. అన్నీ కాగితం చదివినట్టే వచ్చాయి, ఎక్కడా తడబడలేదు.

"నాన్న మాట్లాడతారట" అని ఫోన్ ఇచ్చాడు. ఈ జబ్బు గొంతుని కూడా తినేస్తుంది. రెండుసార్లు "ఆఁ?" అన్నాక గానీ వినపడలేదు.

"నాకు తగ్గుతుందిరా?"

"మాత్ర టైముకి వేసుకుంటున్నారా నాన్నా?" అన్నాను.

"అడిగినదానికి చెప్పు" అన్నారు.