250 ఎంబీ కోసం పది రోజులు

2024 జనవరి 10వ తేదీ బుధవారం మొదలుకొని 19వ తేదీ శుక్రవారం రాత్రి వరకు, మధ్యలో సంక్రాంతి పండుగంతా కలుపుకొని, ఒక విండోస్ అప్‌డేట్ పూర్తి కాక నేను పడిన అవస్థను వేడి చల్లారకముందే రాసిపెడుతున్నాను. మాది కోనసీమలోని అంబాజీపేట. ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని ముగ్గురు కొబ్బరి వర్తకులకు లెక్కలు రాస్తాను. అంతకుముందు చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినందువల్ల ఊళ్లో అందరూ నన్ను మాస్టారనే పిలుస్తారు.

విండోస్‌కు నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు అమెరికా కాలమానం ప్రకారం రెండవ మంగళవారం విడుదలవుతాయి. ఈసారి అది 9వ తేదీ. మన దాకా వచ్చేసరికి బుధవారం అయింది. నా కంప్యూటరులో ఉన్నది విండోస్ 10, 22హెచ్2 వెర్షన్. మిగిలినవన్నీ పేచీ పెట్టకుండా ఎక్కాయి గాని, కేబీ 5034441 అన్న ఒక్కటి మాత్రం డౌన్‌లోడ్ అయ్యేది, ఎక్కడం మొదలుపెట్టేది, కొంతదూరం పోయి ఆగి 80070643 అన్న ఎర్రర్ నంబరు చూపి, మళ్లీ ప్రయత్నించమని ఒక బటన్ ఇచ్చేది. నొక్కితే మళ్లీ అదే తంతు. నొక్కకపోయినా మరునాడు తనంతట తానే మొదలై తనంతట తానే విఫలమయ్యేది. పనికి ఏ ఆటంకమూ లేదు. అయితే మా వర్తకులలో ఒకాయన ఏదో బిల్లు కోసం వచ్చి ఆ హెచ్చరిక చూసి, ఆ సాయంత్రం నుండి రోజుకు రెండుసార్లు ఫోను చేసి, "మాస్టారూ, మన లెక్కలు ఉన్నట్టేనా?" అని అడగసాగారు. డిసెంబరు నెల జీఎస్టీ 3బి రిటర్ను 20వ తేదీలోపు వేయాలి కనుక ఆయన భయం ఆయనది.

మొదటి మూడు రోజులూ అందరూ చేసే పనులే చేశాను. రీస్టార్ట్ చేశాను, ట్రబుల్‌షూటర్ నడిపాను, అప్‌డేట్ సర్వీసును ఆపి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డరు పేరు మార్చి తిరిగి మొదలుపెట్టాను, సిస్టం ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ, డిజం అనే రెండు కమాండ్లను గంటసేపు నడిపాను. దేనివల్లా ఫలితం లేదు. ఎర్రర్ నంబరు పట్టుకుని వెతకడమే నేను చేసిన తప్పని ఇప్పుడు తెలిసింది. ఆ నంబరు ఇన్‌స్టాలేషన్ విఫలమైందని మాత్రమే చెబుతుంది. ఎందుకు విఫలమైందో చెప్పదు. ఒళ్లు కాలుతోందని చెప్పినంత మాత్రాన అది ఏ జ్వరమో తెలియదు కదా.

భోగి నాడు హైదరాబాదు నుండి మా మేనల్లుడు వచ్చాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. నేను రాసిపెట్టుకున్న కాగితమైనా చూడకుండా, "సి డ్రైవ్‌లో చోటు చాలడం లేదు మావయ్యా, అంతే" అన్నాడు. 222 జీబీలో 38 జీబీ ఖాళీగా ఉన్నదని చెబితే, ఈ రోజుల్లో అదొక లెక్క కాదన్నాడు. ఇంటినిండా చుట్టాలు చూస్తుండగా నన్ను కుర్చీలోనుండి లేపి, 14 జీబీ మేర ఫొటోలూ వీడియోలూ తీసివేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాడు. ఖాళీ 52 జీబీ అయింది. అప్‌డేట్ మళ్లీ అక్కడే ఆగింది. "అయితే వాళ్ల సర్వర్ ప్రాబ్లం" అని తేల్చి కోడిపందేలకు వెళ్లిపోయాడు. కనుమ నాడు ఇంటిల్లిపాదీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయినప్పుడు, పదకొండు ఊళ్ల ప్రభలు చేరే, వాటిలో కొన్ని కౌశిక కాలువ దాటి వచ్చే ఆ వేడుకను ఇన్నేళ్లలో మొదటిసారి మానుకుని, నేను తెర ముందు కూర్చున్నాను.

18వ తేదీ గురువారం సీపీయూని దుప్పటిలో చుట్టి ఆటోలో అమలాపురం తీసుకుపోయాను. ఆ దుకాణం పేరు రాయను. కౌంటరు ముందు నాకన్నా ముందు వచ్చినవారు నలుగురున్నారు. వారిలో ఒకరు నా దగ్గర టైపు నేర్చుకున్న అమ్మాయి తండ్రి. దాదాపు గంట తరువాత నా వంతు వచ్చింది. అక్కడి కుర్రవాడు తెర వెలిగించి, ఎర్రర్ నంబరు చూసిన క్షణంలోనే, మౌసు కూడా కదపకుండా, అందరికీ వినపడేలా "ఇది క్రాక్ విండోసాండీ?" అని, అంటే లైసెన్సు లేని దొంగ కాపీనా అని, అడిగాడు. కంప్యూటరుతోపాటు లైసెన్సు కొన్న బిల్లు 2020 నాటిది నా సంచిలోనే ఉంది. తీసి చూపించాను. చూడలేదు. "పెద్దవాళ్లు తెలియక ఏ లింకు పడితే ఆ లింకు నొక్కేస్తారండీ, తరవాత మా దగ్గరికి తెస్తారు" అని పక్కనున్న వారితో అన్నాడు. వారు నవ్వారు. నా శిష్యురాలి తండ్రి నవ్వలేదు గాని తల వంచుకున్నాడు. అది నవ్వినదానికన్నా ఎక్కువ బాధించింది. ముప్పై ఏళ్లపాటు కుర్రవాళ్ల వేళ్లు సరైన మీట మీద పడేలా నేర్పినవాడిని, ఏది నొక్కాలో తెలియనివాడినని నలుగురి ముందు అనిపించుకున్నాను.

తరువాత తీర్పు చెప్పాడు: ఎస్ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డిస్కు) పోయింది, కొత్తది వేసి ఫార్మాట్ చేయాలి, అంతా కలిపి 3,900 రూపాయలు, రెండు రోజులు ఉంచి వెళ్లాలి. లెక్కలన్నీ తిరిగి వస్తాయా అని అడిగితే, "గ్యారంటీ ఇవ్వలేమండీ, ఆయ్" అన్నాడు. అంత మర్యాదగా 'ఆయ్' అంటూ ముగ్గురు మనుషుల ఏడాది లెక్కలు గాలిలో కలిపేయడానికి సిద్ధపడినవాడిని నేను ఎన్నడూ చూడలేదు. ఎస్ఎస్‌డీ పోయిందని ఏ పరీక్ష చేసి తెలుసుకున్నావని అడిగాను. అనుభవమండీ అన్నాడు. సీపీయూ తిరిగి ఇచ్చేయమంటే చెకప్ ఛార్జీ 200 రూపాయలు తీసుకున్నాడు. రసీదు అడిగితే 200కు రసీదేమిటండీ అన్నాడు. రసీదు రాయని చోట చెప్పిన మాటకు కూడా పూచీ ఉండదని లెక్కలు రాసేవాడిగా నా నమ్మకం. నా మాట విని ఎవరూ అటువంటి దుకాణంలో యంత్రాన్ని వదిలి రాకండి. వదలక తప్పకపోతే ముందు మీ ఫైళ్లన్నీ వేరే చోట కాపీ చేసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో తట్టింది: ఇన్నాళ్లూ ఎర్రర్ నంబరుతోనే వెతికాను తప్ప, ఆ అప్‌డేట్ నంబరుతో ఒక్కసారి కూడా వెతకలేదు. ఇంటికి రాగానే 5034441 అని కొట్టాను. విండోస్ తయారుచేసే కంపెనీ వారి పేజీలోనే, తెలిసిన లోపాలు అన్న శీర్షిక కింద, నా కథ మొత్తం ఉంది. కంప్యూటరు పాడైనప్పుడు బాగుచేసుకోవడానికి విండోస్ తనకోసం ఒక చిన్న రికవరీ పార్టిషన్‌ను డిస్కులో విడిగా, డ్రైవ్ అక్షరం లేకుండా దాచి ఉంచుకుంటుంది. ఈ అప్‌డేట్ ఎక్కవలసింది అందులోకి. దానికి ఆ పార్టిషన్‌లోనే 250 ఎంబీ ఖాళీ కావాలి. చాలా పాత ఇన్‌స్టాలేషన్లలో మాదిరిగానే నా కంప్యూటరులో ఆ పార్టిషన్ మొత్తం 505 ఎంబీ. దాదాపు నిండిపోయి ఉంది. చోటు చాలలేదని చెప్పవలసిన సందర్భంలో పొరపాటున 80070643 అన్న నంబరు చూపవచ్చునని కూడా వారే ఒప్పుకున్నారు. పంట కాలువ నిండా నీరు పారుతున్నా తూము సన్నదైతే శివారు చేను ఎండిపోతుందని మా డెల్టాలో ఏ రైతునడిగినా చెబుతాడు. సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఆ మూల గదికి ఒక్క ఎంబీ కూడా చేరదు.

ఇంతకీ ఆ అప్‌డేట్ దేనికంటే, యంత్రం చేతికి చిక్కినవాడు రికవరీ మార్గంలో, డిస్కులోని ఫైళ్లకు తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ రక్షణను దాటిపోయే లొసుగును పూడ్చడానికి. నేను బిట్‌లాకర్ వేసుకోనేలేదు. తలుపే లేని సావిడికి తాళం బాగుచేయించడానికి పది రోజులు తిరిగానన్నమాట. అయినా అంతదూరం వచ్చాక వదలబుద్ధి కాలేదు.

శుక్రవారం రాత్రి ముందుగా లెక్కలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, యూపీఎస్ నిండుగా ఛార్జ్ అయిందని చూసుకుని, ఆ పేజీని అచ్చు తీసి పక్కన పెట్టుకుని, ఒక్కొక్క పంక్తి పూర్తయిన కొద్దీ పెన్సిలుతో టిక్కు పెడుతూ పని మొదలుపెట్టాను. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, 'రీఏజెంట్‌సీ' అనే కమాండుతో రికవరీ ఏ డిస్కులో ఎన్నో పార్టిషన్‌లో ఉందో తెలుసుకున్నాను; నాకు డిస్కు 0, పార్టిషన్ 4 అని చూపింది. అదే కమాండుతో రికవరీని డిసేబుల్ చేస్తే లోపలి సరుకు తిరిగి సి డ్రైవ్‌లోకి వచ్చి కూర్చుంటుంది. తరువాత 'డిస్క్‌పార్ట్' తెరిచి, సి డ్రైవ్ ఉన్న పార్టిషన్‌ను ఎంచుకుని, దానిని 250 ఎంబీ కుదించాను. అంతవరకు సులువే. ఆ తరువాతి పంక్తి నాలుగవ పార్టిషన్‌ను తుడిచివేయమంటుంది. అక్కడ చాలాసేపు ఆగాను. నంబరు ఒకటి తప్పితే కంప్యూటరు తెల్లవారి లేవదు; పైగా బూట్ కావడానికి అవసరమైన 100 ఎంబీ చిన్న పార్టిషన్ కూడా ఆ వరుసలోనే ఉంటుంది. మూడుసార్లు జాబితా వేయించి, పరిమాణమూ నంబరూ రెండూ సరిపోయాకనే ఎంటర్ కొట్టాను.

మళ్లీ పార్టిషన్ సృష్టించేటప్పుడు ఒక గుర్తింపు సంకేతం ఇవ్వాలి. హైఫన్లతో కలిపి 36 అక్షరాలు. దాని తరువాతి పంక్తిలో 8, ఆ పక్కన 14 సున్నాలు, చివర 1 ఉన్న సంఖ్య ఇంకొకటి. పేజీ నుండి కాపీ చేసి అతికించవచ్చు. చాలామందికి అదే మేలు. నేను మాత్రం అచ్చు కాగితం చూస్తూ, మీటల వైపు చూడకుండా, ఒక్క తప్పు లేకుండా కొట్టాను. ఆ దుకాణం కుర్రవాడు రెండు వేళ్లతో టైపు చేస్తాడని మాత్రం ఇక్కడ రాయక తప్పదు. ఇదంతా జీపీటీ పద్ధతి డిస్కులకు. డిస్కును పార్టిషన్లుగా విభజించే పద్ధతులలో అదొకటి, ఎంబీఆర్ అనేది అంతకన్నా పాతది. ఎంబీఆర్ డిస్కయితే సంకేతం వేరు, అది కూడా ఆ పేజీలోనే ఉంది. మీది ఏ రకమో, డిస్కుల జాబితాలో జీపీటీ అన్న వరుస కింద నక్షత్రం గుర్తు (*) ఉందో లేదో చూసి తెలుసుకోవచ్చు.

ఫార్మాట్ చేసి, రికవరీని మళ్లీ ఎనేబుల్ చేసి చూస్తే, పార్టిషన్ 755 ఎంబీ అయింది. అప్‌డేట్ పేజీకి పోయి ఆ బటన్ నొక్కాను. కాఫీ కలుపుకుని వచ్చేసరికి పూర్తయింది. మరునాటి ఉదయం మూడు రిటర్నులూ వేసి, ఫోను చేసే ఆయనకు ఈసారి నేనే ముందుగా ఫోను చేశాను.

మేనల్లుడు తుడిచివేసిన 14 జీబీలో మా మనవరాలి అన్నప్రాసన ఫొటోలు కూడా పోయాయి. ఆ రోజు తన ఫోనులో తీసినవి కొన్ని ఉన్నాయని, పంపిస్తానని వాడు చెప్పాడు. ఈ ఆదివారం దాకా ఒక్కటీ రాలేదు.