ఒడ్డున నిలబడ్డవాళ్ళు

పోతన భాగవతంలోని గజేంద్ర మోక్షం చదివేటప్పుడు మనమంతా గజేంద్రుడి వైపు నుంచే చదువుతాం. కష్టం మనది, పిలుపు మనది, పరుగున వచ్చే హరి మనవాడు. మా నాయిన దగ్గర నేను నేర్చుకున్నదీ అట్లనే. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా ఆయన. పొద్దున్నే దీపం ముందర ‘లావొక్కింతయు లేదు’ పద్యం చదవందే చాయ్ ముట్టేవాడు కాదు.

ఆయన పోయాక ఆ పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఏనుగును కాపాడినవాడు మా నాయినను ఎందుకు కాపాడలేదు? ‘రాత అంతే’ అని ఎవరన్నా అంటే కోపం వచ్చేది. ఈ మధ్య మళ్ళీ చదవడం మొదలుపెడితే, ఇన్నేళ్ళూ పట్టించుకోకుండా దాటేసిన పద్యం దగ్గర ఆగిపోయాను.

మకరితోడఁ బోరు మాతంగవిభుని నొ
క్కరుని డించి పోవఁ గాళ్ళు రాక
కోరి చూచుచుండెఁ గుంజరీయూథంబు
మగలు తగులుఁ గారె మగువలకును

మొసలితో పోరాడుతున్న తమ రాజును ఒక్కణ్ణే వదిలిపోవడానికి కాళ్ళు రాక ఆడ ఏనుగులు అక్కడే నిలబడి చూస్తున్నాయట. ఐసీయూ బయట మేము చేసింది సరిగ్గా అదే. అమ్మ చెప్పులు విడిచి గోడ పక్కన కూర్చుంది. ఇంటికి పోయి కాసేపు పడుకోమంటే లేచేది కాదు. ఏనుగును మొసలి కొలనులోకి, మొసలిని ఏనుగు ఒడ్డుకు లాగే ‘కరిఁ దిగుచు మకరి సరసికి’ పద్యం లాగే నడిచాయి ఆ రోజులు. సాయంత్రం ఆక్సిజన్ లెవెల్ పెరిగిందనేవారు, తెల్లారేసరికి తగ్గిందనేవారు. లోపల పోరాటం నాయినది. మేము ఒడ్డున ఉన్నవాళ్ళం.

అట్లా ఒడ్డున నిలబడి చదివితే కథే వేరుగా కనబడింది. మొసలి పట్టు విడిపించుకొని గజేంద్రుడు బయటికి వచ్చాడు. తన ఆడ ఏనుగులను ‘కరమున మెల్లన నివురుచు’ మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు. ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. కానీ హరి అతణ్ణి ఆ కొలను దగ్గర వదిలి వెళ్ళలేదు. తన పార్షదుణ్ణి, అంటే ఎప్పుడూ పక్కన ఉండే సేవకుణ్ణి చేసుకొని వెంట తీసుకుపోయాడు. వెయ్యేళ్ళు కాళ్ళు రాక నిలబడ్డ ఆ మందకు దక్కింది ఆ ఒక్క స్పర్శే. మోక్షం అంటే వెళ్ళిపోయేవాడికి విడుదల, ఒడ్డున ఉన్నవాళ్ళకు ఎడబాటు. రెండూ ఒకే హరి చేతి మీదుగా జరిగాయి. ఇది నన్ను ఓదార్చిందని అనలేను గానీ, ఆ కోపం మాత్రం పోయింది.

అస్థికలు కలపడానికి వాడపల్లి పోయాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే ద్రవిడ రాజు. ఆ రాజును ఏనుగువు కమ్మని శపించింది ఆ అగస్త్యుడే కదా. అప్పుడు నాకు ఆ సంగతి గుర్తుకు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే, గజేంద్రుడి కథ ఎవరి మాటతో మొదలైందో ఆయన పేరున్న దేవుడి ముందే నాయినను నీళ్ళకు అప్పజెప్పాం అనిపిస్తుంది.

ఇంకో మాట. ‘రావే ఈశ్వర’ అని అంతగా మొరపెట్టుకున్న గజేంద్రుడు, ఆ వెంటనే ఇంకో పద్యంలో ‘సందేహమయ్యెఁ గరుణావార్ధీ’ అంటాడు. జీవుల మాటలు వింటావట, పిలిస్తే ఓయంటావట, నాకైతే అనుమానంగా ఉంది స్వామీ అని ఆయనతోనే చెప్పుకున్నాడు. అందుకు హరి అలగలేదు, రావడం మానలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళను అనుమానపడొద్దని గదమాయించే పెద్దలు ఈ పద్యం ఒకసారి చదవాలి.

పెత్రమాస వస్తోంది. నాయిన పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇవ్వాలి. సాయంత్రం పిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. ఈసారి దీపం దగ్గర ‘కరమున మెల్లన’ పద్యం చదువుతానని అమ్మతో అన్నాను.

“రెండూ చదువు బిడ్డా,” అంది. “మీ నాయినకు ఆ పాతదే ఇష్టం.”